ఊరి పేరు పోగొట్టుకున్న నాణేలు

తుర్కియేలోని దినార్ పట్టణం ఒకప్పటి అపామియా. క్రీ.శ. 200 ప్రాంతంలో, రోమ్‌ను సెప్టిమియస్ సెవెరస్ ఏలుతున్న రోజుల్లో, ఆ ఊరు ఒక పెద్ద కంచు నాణెం కొట్టించింది. బొమ్మ వైపు చక్రవర్తి. బొరుసు తిప్పితే అలల మీద తేలుతున్న నలుచదరపు పెట్టె. మూత తెరిచి ఉంది. లోపల ఒక పురుషుడు, ఒక స్త్రీ నడుము దాకా కనిపిస్తారు. మూత మీద ఒక పిట్ట వాలింది. మరొకటి కొమ్మ పట్టుకుని ఎగిరొస్తోంది. పక్కనే మళ్లీ ఆ ఇద్దరే, ఈసారి గట్టెక్కి, చెయ్యెత్తి నిలుచున్నారు. పెట్టె మీద మూడే మూడు గ్రీకు అక్షరాలు: నోఎ. తెలుగు బైబిలు చదివేవారికి ఆయన నోవహు.

రోమన్ చక్రవర్తులు క్రైస్తవాన్ని ఆదరించడానికి అప్పటికింకా వందేళ్లకు పైనే ఉంది. మరి ఈ ఓడ అక్కడికెలా వచ్చింది? అపామియాకు 'కిబోటోస్' అని మారుపేరు. గ్రీకులో ఆ మాటకు పెట్టె అని అర్థం. బైబిలు గ్రీకు అనువాదంలో నోవహు ఓడకు వాడిందీ ఆ మాటే. ఊళ్లో యూదులు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల కథనూ తన పేరునూ కలిపి ఊరు గొప్ప చెప్పుకుంది, ఆ గొప్పను చిల్లర డబ్బు మీదికెక్కించింది.

ఇలాంటి వాటినే రోమన్ ప్రొవిన్షియల్ నాణేలంటారు. బంగారం, వెండి చాలావరకు రోమ్ చేతిలో ఉండేవి. రోజువారీ బేరానికి కావలసిన కంచు, రాగి చిల్లరను మాత్రం తూర్పు ప్రాంతాల్లోని పట్టణాలే కొట్టుకునేవి. క్రీ.పూ. 44 నుంచి క్రీ.శ. 296 ప్రాంతం వరకు అయిదు వందలకు పైగా పట్టణాలు ఈ పని చేశాయి. ఎఫెసు తన అర్తెమి గుడిని, సైప్రస్ తన పాఫోస్ అఫ్రొదితె ఆలయాన్ని ముద్రించుకున్నాయి. నదులు, రేవులు, ఆటల పోటీలు, పొరుగూరితో చేసుకున్న స్నేహం, అన్నీ నాణేలకెక్కాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, ప్యారిస్‌లోని ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం చేతులు కలిపి వీటిని వరసపెట్టి నమోదు చేస్తున్నాయి. తొలి సంపుటం 1992లో వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అందులో నంబరు తర్వాత నంబరు చూస్తూ పోతే, తెలిసిన నాణెం ఒకటే, రెండే అన్న నమోదులు కొల్లలుగా కనిపిస్తాయి.

అంటే ఈ సరుకులో అరుదు అన్నది మామూలు సంగతి. అయినా వేలం కేటలాగులు 'అత్యంత అరుదైనది' అన్న ఒక్క మాట మీదే బేరం నడుపుతాయి. కొనేవాళ్లూ అదే అడుగుతారు: ప్రపంచంలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయి? వాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇది ఎక్కడ దొరికింది?

హైదరాబాద్ సంస్థానం రోజులు గుర్తున్న ఇళ్లలో ఈ ప్రశ్న విలువ తేలిగ్గానే అర్థమవుతుంది. నిజాం హాలీ సిక్కా సంస్థానం లోపల చెల్లేది. సంస్థానం దాటి బెజవాడ వెళ్లాలంటే బ్రిటిష్ వాళ్ల కల్దార్ రూపాయి కావాలి, మారకం కట్టి మార్చుకోవాలి. రోమన్ పట్టణాల కంచు చిల్లరదీ దాదాపు అదే తీరు. బంగారం, వెండి మాత్రం సముద్రాలు దాటాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి దీనారాలు ఒక్కచోట బయటపడ్డాయి. 1898లో తమిళనాట పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధిక భాగం మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. అలాంటి దూరాలు అపామియా కంచు నాణేనికి రాసిపెట్టి లేవు. అది ఎక్కువగా పుట్టిన ఊరి చుట్టుపక్కలే తిరిగేది. అందుకే ఏ చిన్న ఊరి చిల్లరో అయిదు వందల కిలోమీటర్ల అవతల మట్టిలో కనిపిస్తే అదొక వార్త. ఏ సైనిక దళం ఆ దారిన నడిచింది, ఏ వర్తకుడు ఏ సంతకు వెళ్లాడు అన్న ప్రశ్నలకు అక్కడ ఒక కొస దొరుకుతుంది. దొరికిన చోటు చెరిపేస్తే ఆ కొస తెగిపోతుంది. అచ్చు ఎంత అందంగా ఉన్నా, కిలుము ఎంత నిగనిగలాడుతున్నా అది తిరిగి రాదు.

కారియా ప్రాంతపు స్ట్రాటోనికేయా పట్టణం నాణెం ఒకటి చేతిలోకి తీసుకుంటే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మొదట దాని మీద కారకల్లా, గెటా అనే అన్నదమ్ముల తలలు ఎదురెదురుగా ఉండేవి. 211 డిసెంబరులో అన్న తమ్ముణ్ని చంపించాడు. గెటా పేరు, రూపం ఎక్కడా మిగలకూడదని ఆజ్ఞ వెళ్లింది. ఆ ఊళ్లో ఎవరో నాణేన్ని దిమ్మె మీద పెట్టి గెటా తలను చెక్కేశారు. ఇప్పుడక్కడ గరుకైన పల్లం, పక్కన మళ్లీ కొట్టిన చిన్న ముద్ర. ఈ చెక్కుడు ఏ ఊళ్లో ఎంత శ్రద్ధగా సాగిందో, ఏ ఊరు చూసీచూడనట్టు ఊరుకుందో తెలియాలంటే అలాంటి నాణేలు దొరికిన చోట్లన్నీ పటం మీద గుర్తు పెట్టాలి. మెటల్ డిటెక్టరుతో రాత్రికి రాత్రి తవ్వి, దళారీ సంచిలో దేశం దాటించిన నాణెం ఆ పటంలోకి ఎక్కదు. కేటలాగులో దాని కింద ఉండేది 'పాత యూరోపియన్ సేకరణ నుంచి' అన్న ముక్క.

ఆ ముక్కను ఎంత నమ్మవచ్చో ఒక పెద్ద ఉదంతం చెప్పింది. జూలియస్ సీజర్ హత్యకు గుర్తుగా బ్రూటస్ కొట్టించిన బంగారు నాణెం 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటి పలికింది. దాని పూర్వ యజమానుల చరిత్ర కల్పితమని తర్వాత తేలింది. వేలం సంస్థ అధిపతి 2023లో న్యూయార్క్‌లో అరెస్టయ్యాడు, నాణెం గ్రీస్ చేరింది. లక్షల పౌండ్ల సరుకుకే దొంగ కాగితం పుట్టినప్పుడు, ఎవరి కళ్లూ పడని చిన్న కంచు బిళ్లల సంగతి చెప్పనక్కర్లేదు.

వ్యాపారుల దగ్గర ఒక జవాబు ఉంది. నాణెం అన్నది చేతులు మారడానికే పుట్టింది, కాబట్టి ఫలానా దేశంలోనే తవ్వారని ఎవరూ అనలేరని వాళ్లంటారు. 2007లో అమెరికా సైప్రస్ ప్రాచీన నాణేల దిగుమతిపై, తర్వాత చైనా వాటిపై ఆంక్ష పెట్టినప్పుడు సేకర్తల సంఘం ఒకటి ఈ వాదనను కోర్టులో తేల్చుకోవాలనుకుంది. 2009లో కావాలనే సరైన కాగితాలు లేకుండా సైప్రస్, చైనా నాణేలు 23 బాల్టిమోర్‌కు తెప్పించి, కస్టమ్స్ చేత పట్టించుకుంది. 2012లో అప్పీళ్ల కోర్టు ఆ సంఘం వాదనను తోసిపుచ్చింది. చేతులు మారడానికే పుట్టిందన్న మాట బంగారానికి సరిపోవచ్చు. ఊరు దాటితే చెల్లుబాటు తగ్గిపోయే చిల్లరకు అంతగా అతకదు.

అలాగని సేకర్తలందరినీ దొంగల గాటన కట్టడం అన్యాయం. విలియం వాడింగ్టన్ 1879లో ఫ్రాన్స్ ప్రధానమంత్రి. అంతకు ముందే ఆసియా మైనర్ అంతా తిరిగి, ఎవరూ పట్టించుకోని ఈ పట్టణాల నాణేలను పోగుచేశాడు. ఆయన పోయాక 1897లో ఫ్రెంచి ప్రభుత్వం ఆ సేకరణను కొన్నది. పండితులు నేటికీ దాన్ని తిరగేస్తూనే ఉన్నారు. నమోదు సంపుటాల్లో కొత్తగా చేరే ఎన్నో నాణేలు మొదట వేలంలో కనిపించినవే. అన్నీ నిషేధిస్తే ఆ కొద్ది వెలుగూ పోయి, వ్యాపారం ఇంకా చీకట్లోకి జారుతుంది.

బ్రిటన్ ఒక మధ్యేమార్గం చూపింది. 1996లో నిధుల చట్టం చేసి, మరుసటి ఏడాది, దొరికిన ప్రాచీన వస్తువుల నమోదు పథకం మొదలుపెట్టింది. పొలంలో నాణెం దొరికినవాడు స్థానిక అధికారికి చూపిస్తాడు. అధికారి చోటు రాసుకుని, ఫొటో తీసి, నిధి కిందికి రాని వస్తువును తిరిగి ఇచ్చేస్తాడు. పది లక్షలకు పైగా వస్తువులు ఇలా లెక్కకెక్కాయి.

మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. లంకెబిందె దొరికితే మొదట గుర్తొచ్చేది కంసాలి కొలిమి అయినా, కొన్ని బిందెలు ఆ చట్టం పుణ్యాన మ్యూజియం చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో పుస్తకం వెలువరించగలిగారంటే, ఏ బిందె ఏ ఊళ్లో దొరికిందో ఎవరో ఒకరు రాసిపెట్టడం వల్లనే.

డాలస్‌లోనో సింగపూర్‌లోనో కూర్చుని ఆన్‌లైన్ వేలంలో పాడే తెలుగు సేకర్తలు కూడా ఆ పని చేయించగలరు. 1970 నాటి యునెస్కో ఒప్పందానికి ముందే నాణెం బయటి సేకరణలో ఉందని చూపే పాత కేటలాగు పేజీ కావాలని అడగవచ్చు. లేకపోతే పాట మానుకోవచ్చు. పాత సేకర్తలు ప్రతి నాణెం కింద అట్టముక్క చీటీ పెట్టేవారు: కొన్న ఏడాది, అమ్మినవాడి పేరు, తెలిస్తే దొరికిన ఊరు. అరిగిపోయి అర్తెమి ముఖం కూడా సరిగా కనిపించని ఎఫెసు నాణేనికి అలాంటి చీటీ ఉండి, పక్కన మెరిసిపోతున్న 'అత్యంత అరుదైన' బిళ్లకు లేకపోతే, డబ్బు పెట్టాల్సింది ఆ అరిగిన దాని మీదే.