జాబితాకెక్కని ఇళ్ళు

తుఫాను తీరం దాటిందన్న ప్రకటనతో వార్తల హడావుడి సద్దుమణుగుతుంది. బాధితుల కష్టకాలం అక్కడి నుంచే మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు నెలలు మన కోస్తాకు ఏటేటా పరీక్షా సమయాలే. కనుక ఈసారి గాలివాన గురించి కాక, అది వెలిసిన తర్వాతి పదిహేను రోజుల గురించి పాఠకులతో కలసి ఆలోచించదలిచాము. దెబ్బతిన్న కుటుంబం మళ్ళీ నిలదొక్కుకుంటుందా, వడ్డీ అప్పుల్లో కూరుకుపోతుందా అన్నది చాలావరకు ఆ పదిహేను రోజుల్లోనే తేలిపోతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో 10,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరిక అందవలసిన రీతిలో అందలేదు. తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచే గాలులతో విశాఖపట్నాన్ని తాకినప్పుడు మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. రెండు విపత్తుల స్వభావం వేరన్నది నిజమే. అయినా ఉపగ్రహాల సమాచారం, ముందస్తు తరలింపు, తుఫాను రక్షిత భవనాలు ప్రాణాలు నిలిపాయని ఒప్పుకోవడం న్యాయం. ప్రాణం కాపాడడం మన ప్రభుత్వాలు చాలావరకు నేర్చుకున్నాయి. ప్రాణం దక్కించుకున్న మనిషికి బతుకు తిరిగి ఇవ్వడంలో మాత్రం ఇంకా వెనుకబడే ఉన్నాయి.

హుద్‌హుద్ తర్వాత విశాఖ ఎలా ఉన్నదో స్మరించుకుందాం. విమానాశ్రయపు పైకప్పు లేచిపోయింది. వేలాది చెట్లు, విద్యుత్ స్తంభాలు రోడ్లకడ్డంగా కూలాయి. కరెంటు లేక మోటార్లు తిరగలేదు. మోటార్లు తిరగక కుళాయిలు రాలేదు. ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచేయక, బ్యాంకులో డబ్బు ఉన్నవాడూ చేతిలో పైసా లేనివాడయ్యాడు. పాల ప్యాకెట్టుకు, పెట్రోలుకు బారులు తీరవలసివచ్చింది. ఇతర జిల్లాల నుంచీ, పొరుగు రాష్ట్రాల నుంచీ వచ్చిన విద్యుత్ సిబ్బంది రేయింబవళ్ళు శ్రమించినా, చాలా పేటలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అదే నెల 23న దీపావళి వచ్చేసరికి కూడా ఎండిన కొమ్మలు వీధుల్లో గుట్టలుగా పడి ఉన్నందున, నిప్పంటుకుంటుందన్న భయంతో అధికారులు బాణసంచాను నిషేధించవలసివచ్చింది.

నష్టం అందరికీ ఒకే విధంగా కనిపించినా, కోలుకోవడం అందరికీ ఒకే విధంగా ఉండదు. మేడ ఉన్నవాడికి కిటికీ అద్దాలు పగులుతాయి. కొండవాలున రేకుల గదిలో ఉన్నవాడికి ఇల్లే ఎగిరిపోతుంది. నెలజీతగాడికి ఆ పది రోజుల జీతం ఆగదు; రోజుకూలీకి ఆ పది రోజులూ పస్తులే. కుట్టుమిషను తడిసి తుప్పు పట్టిన ఇంట్లో, తోపుడుబండి చెట్టుకింద నలిగిన ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలుగుతుందన్నది కరెంటు రాకతో తేలే విషయం కాదు.

సహాయం రావలసింది ఇటువంటి ఇళ్ళకే. అయితే సహాయం ఇంటికి నేరుగా రాదు, జాబితా ద్వారా వస్తుంది. దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాము: ఎన్యూమరేషన్ బృందం వీధిలోకి వచ్చిన ఆ ఒక్క పూట ఎవరి పేరు కాగితం మీదికి ఎక్కిందో వారే ప్రభుత్వం దృష్టిలో బాధితులు. ఆ పూట పనికి వెళ్ళినవాడు, పిల్లలతో బంధువుల ఇంటికి చేరిన ఇల్లాలు, రేషను కార్డు మరో ఊరి చిరునామాతో ఉన్నవాడు జాబితాలో కనిపించరు. తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా, జాబితా పైఅధికారులకు వెళ్ళిపోయిందన్న సమాధానమే ఎదురవుతుంది.

నిబంధనలనూ పరిశీలిద్దాం. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000 రూపాయలు ఇవ్వాలి. కాని ఆ నిబంధనల్లోనే ఒక షరతు ఉంది: దెబ్బతిన్న ఇల్లు అధీకృత కట్టడమని తగిన అధికారి ధ్రువీకరించాలి. పట్టా లేని వాడలో ముప్పై ఏళ్ళుగా ఇంటిపన్ను, కరెంటు బిల్లు కడుతున్న కుటుంబం ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతుంది. అద్దె ఇంటికి వచ్చే సొమ్ము యజమానిది. లోపల పాడైన బట్టలు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు అద్దెదారువి. చేనేత, హస్తకళల పనిముట్లకు పద్దు ఉన్నది గాని, తోపుడుబండికీ, పంక్చరు దుకాణానికీ ప్రత్యేక పద్దు లేదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షను, సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు లింగ, కుల, వర్గ, వంశ, మత భేదం చూపరాదని స్పష్టంగా శాసిస్తున్నది. ఏ ఉద్యోగీ మతం అడిగి పేరు కొట్టివేయకపోవచ్చు. కాని పట్టాలు లేని వాడల్లో, అద్దె గదుల్లో, వీధి వ్యాపారాల్లో మన కుటుంబాలూ, మనవంటి ఇతర పేద కుటుంబాలూ పెద్దసంఖ్యలో బతుకుతున్నప్పుడు, కాగితపు షరతు చేసే పని వివక్ష చేసే పనికి భిన్నంగా ఉండదు.

ఒమన్ దేశం సూచించిన హుద్‌హుద్ పేరు ఖుర్ఆన్ పాఠకులకు కొత్తది కాదు. అది సులైమాన్ అలైహిస్సలాం కొలువులోని చిన్న పక్షి. పక్షులను పరిశీలిస్తున్న ఆ మహా పాలకుడు అంత సమూహంలోనూ ఒక్క పక్షి కనబడకపోవడాన్ని గమనించి, అది ఎక్కడ అని ఆరా తీశాడు. జాబితా చేతబట్టిన ప్రతి అధికారీ నేర్చుకోవలసింది ఇదే. ఉన్నవారిని లెక్కించడంతో పని పూర్తి కాదు. కనిపించనివారు ఎవరని అడిగినప్పుడే లెక్క పూర్తవుతుంది.

మన వంతు పనులూ కొన్ని ఉన్నాయి. శిథిలాలు ఊడ్చి పారవేయకముందే, ఇంటివారు ముందు నిలబడి ఉండగా నష్టాన్ని ఫోటో తీయాలి. ఆధార్, రేషను కార్డు, కరెంటు బిల్లు, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు తడవని సంచిలో భద్రపరచాలి. సర్వే బృందం వచ్చే వేళ తెలుసుకొని ఇంటికొకరైనా ఉండాలి. పేరు లేదని తెలిసిన రోజే సచివాలయంలోనో, తహసీల్దారు కార్యాలయంలోనో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాటకు దస్త్రంలో చోటు లేదు. అక్కడ పని జరగకపోతే సోమవారం కలెక్టరు అర్జీల వేదిక ఉన్నది. 30 రోజుల్లో జవాబు చెప్పవలసిన సమాచార హక్కు చట్టం ఉన్నది.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటి. విపత్తు వేళ ఆవరణ తెరిచి అన్నం వండిపెట్టడం మనకు అలవాటైన మంచి పని. దానికి తోడు వీధివారీగా ఒక పుస్తకం ఉంచండి. ఏ ఇంట్లో ఎవరున్నారు, సొంతమా అద్దెనా, జీవనాధారం ఏమిటి, వృద్ధులూ వికలాంగులూ ఎందరు అన్న వివరాలు తుఫానుకు ముందే అందులో ఉండాలి. అది పేటలోని అన్ని మతాల ఇళ్ళకూ చెందిన పుస్తకమై ఉండాలి; చెట్టు కూలేటప్పుడు ఎవరి గోడ అని చూసి కూలదు. ఆ పుస్తకాన్ని ప్రభుత్వ జాబితాతో సరిపోల్చితే తప్పిపోయినవారెవరో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. ఇక రుణగ్రస్తులు జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో ఒకరు. తుఫాను తర్వాత వడ్డీ వ్యాపారి గడప ఎక్కబోయే అర్హుడిని ముందుగా గుర్తించి ఆదుకోవడం బైతుల్‌మాల్ బాధ్యత.

ప్రభుత్వాన్ని మేము కోరేది దానం కాదు, సవరణ. ఎన్యూమరేషన్ పత్రంలో అద్దెదారుకూ, జీవనోపాధి నష్టానికీ వేరు గడులు ఉండాలి. కూలీలు ఇల్లు చేరే సాయంత్రం వేళ రెండవ విడత సర్వే జరగాలి. జాబితాను వార్డులో అందరికీ కనిపించేలా అతికించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చిన తర్వాతనే పైకి పంపాలి. అధీకృత కట్టడమన్న షరతును సడలించి, నివాసానికి ఇంటిపన్ను రసీదునో కరెంటు బిల్లునో ఆధారంగా అంగీకరించాలి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు. ఒక ఉత్తర్వు, కొంత శ్రద్ధ చాలు.

బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అవి వెళ్ళిపోయిన తర్వాత రాసే జాబితా మాత్రం మనుషులు రాసేదే. మనుషులు రాసినదాన్ని సరిదిద్దడం మన చేతిలో పనే. రాబోయే తుఫానుకు ముందే, ఈ నెలలోనే, ప్రతి పేటలో ఆ పుస్తకం తెరవాలని పాఠకులను కోరుతున్నాము.