గాలానికి పన్ను

అమెరికా వచ్చిన మనవాళ్ళకి మింగుడుపడని విషయాల్లో చేపల లైసెన్సు ఒకటి. "చెరువులో నాలుగు చేపలు పట్టుకోడానికి కూడా గవర్నమెంటు పర్మిషనా? మా ఊళ్ళో అయితే ఎవడడుగుతాడండీ?" అంటారు కొందరు. "సరదాకి ప్రాణం తీస్తూ మళ్ళీ పర్యావరణం కబుర్లొకటి!" అంటారు ఇంకొందరు. వీకెండు విందుల్లో రెండు మాటలకీ తలలు బాగానే ఊగుతాయి. రెండూ తప్పని నా వాదన. ఈ దేశపు ఏరుల్లో, సరస్సుల్లో ఇంకా చేప మిగిలి ఉందంటే, అందుకైన ఖర్చులో పెద్ద వాటా కట్టింది ఒడ్డున గాలం పట్టుకు కూర్చున్న ఆ పెద్దమనిషే. కబుర్లు చెప్పే మనం కాదు.

లెక్క చూడండి. 1950లో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చింది. మిషిగన్ కాంగ్రెస్ సభ్యుడు డింగెల్, కొలరాడో సెనేటర్ జాన్సన్ కలిసి తెచ్చినది. గాలపు కర్ర, రీలు, ఎర లాంటి సామాను మీద పది శాతం ఎక్సైజు పన్ను తీసుకెళ్ళి చేపల బాగుకే వాడాలన్నది దాని సారాంశం. 1984లో దాన్ని విస్తరించి, మోటారు పడవల పెట్రోలు మీద వచ్చే పన్నులో కొంత కూడా ఇందులో కలిపారు. ఈ పన్ను తయారీదారు దగ్గరే వసూలవుతుంది కనక కొన్నవాడి రశీదులో కనబడదు. కట్టేది మాత్రం చివరికి వాడే. ఇటీవలి సంవత్సరాల్లో ఇలా రాష్ట్రాలకి అందుతున్నది ఏటా 30 కోట్ల డాలర్లకి పైమాటే. చేపపిల్లల హేచరీలు, నీటి పరీక్షలు, చేపల లెక్కింపు, పడవలు దించే రేవులు, బడిపిల్లలకి పాఠాలు అన్నీ ఆ డబ్బుతో నడుస్తాయి. లైసెన్సు రుసుం దీనికి అదనం.

"పన్నులు కడితే ఎవడి జేబులోకో పోతాయి" అని మనకి పుట్టుకతో వచ్చిన అనుమానం ఒకటుంది. నాకు ఈ చట్టం మీద గౌరవం పుట్టింది సరిగ్గా అక్కడే. లైసెన్సుల మీద వచ్చిన సొమ్ముని చేపల, వన్యప్రాణుల శాఖ పనికి తప్ప ఇంకే పనికీ మళ్ళించమని ప్రతి రాష్ట్రమూ తన చట్టంలో రాసుకోవాలి. మళ్ళిస్తే ఫెడరల్ వాటాకి ఎసరు. పైగా రాష్ట్రం తన వంతుగా పాతిక పెడితేనే ఫెడరల్ ముప్పావలా వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఇది మనుషుల మంచితనాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాం కాదు. తప్పు చేయబోతే ఆగిపోయేలా రాసిన ప్రోగ్రాం.

ఇక ప్రాణం తీయడం సంగతి. చేపకి నొప్పి లేదని నేను అనను. శాకాహారం మీద నాకు గౌరవమే. కానీ చేప తినకపోవడం వేరు, చేప బతకడానికి ఏదైనా చెయ్యడం వేరు. మన ఇంటి పచ్చిక మీద చల్లిన ఎరువు వానకి కొట్టుకుపోయి ఏ చెరువులో కలుస్తోందో మనం అడగం. చెరువు పచ్చగా మారిందని మొదట గొడవ చేసేది గాలం వేసేవాడే. ప్రేమ ఎవరిదో దేవుడికే తెలియాలి, రశీదు మాత్రం అతని పేరునే ఉంది.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. డబ్బు గాలం వేసేవాడిది కనక, అతనికి నచ్చిన చేపకే పెద్దపీట. పసిఫిక్ తీరపు రెయిన్‌బో ట్రౌట్‌ని తెచ్చి దేశమంతా వదిలారు. అప్పలాచియన్ కొండల్లో అది స్థానికమైన బ్రూక్ ట్రౌట్‌ని ఏరుల ఎగువ కొసలకి తరిమేసింది. ఎవరూ గాలం వేయని చిన్న చేపలకీ, ఏటి అడుగున ఉండే ఆల్చిప్పలకీ దిక్కు తక్కువ. అయితే ఈ లోపానికి మందు గాలం వేసేవాణ్ణి తిట్టడం కాదు, గాలం వేయని మనం కూడా డబ్బు తీయడం.

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. సముద్రంలో విలసగా ఉన్న చేప వరద రోజుల్లో గోదావరి ఎదురెక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కూడా కట్టుకున్నాం. ఒక్కో చేప వేలల్లో పలుకుతోందని పేపర్లు ఏటా ఫొటో వేస్తాయి, అది దొరకడం తగ్గిపోయిందని కూడా ఏటా రాస్తాయి. ఆ వేలల్లో పులస మళ్ళీ ఏరెక్కడానికంటూ చట్టం తీసి పక్కన పెట్టే వాటా ఎంత? చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట ఆపుతారు. ఆ రెండు నెలలూ ఇల్లు గడవక కష్టపడేది మత్స్యకారుడు. అతనికిచ్చే భృతి మామూలు ఖజానాలోంచే. పులుసు లాగించినవాడు మాత్రం మూతి తుడుచుకుని, గోదావరిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే.

అలా కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళలో ముందుండేది మనమే, ఎన్నారైలం. సెలవులకెళ్ళినప్పుడు ధర అడక్కుండా పులస కొనేదీ మనమే. హోటల్లో అమ్మే ప్రతి పులస మీదా పదోవంతు పన్ను వేసి, దాన్ని గోదావరి చేపకి తప్ప ఇంకెందుకూ ముట్టుకోకుండా తాళం వెయ్యమని అడిగే హక్కు మనకుంది. ఎందుకంటే అది కట్టాల్సింది మనం.

ఈలోగా ఇక్కడ చేయగలిగిన పని ఒకటుంది. చాలా రాష్ట్రాల్లో ఏడాది చేపల లైసెన్సు ఖరీదు, ఒక కుటుంబం ఆదివారం బఫేకి పెట్టే ఖర్చు దాటదు. ఫెడరల్ నిధిని పంచేటప్పుడు అరవై శాతం లెక్క లైసెన్సు కొన్నవాళ్ళ సంఖ్యని బట్టే ఉంటుంది. అంటే మీరొక్కరు కొంటే మీ రుసుమే కాక, మీ తలలెక్క కూడా మీ రాష్ట్రానికి కలిసొస్తుంది. కొన్నాక గాలం వెయ్యాలని రూలేమీ లేదు. శాకాహారులు కూడా నిక్షేపంగా కొనుక్కోవచ్చు.