విషవ్యర్థముల రవాణా: అమెరికా ప్రభుత్వము చేసిన ప్రయోగము

కర్మాగారమునుండి విషవ్యర్థముల నెత్తుకొని బయలుదేరిన లారీ చేరవలసిన చోటికి చేరినదా, లేక త్రోవలో ఏ వాగులోనో, ఏ బీడులోనో బరువు దింపుకొని పోయినదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునది లారీ వెంట పోవు రవాణాపత్రము. పంపినవాడు, మోసినవాడు, పుచ్చుకొన్నవాడు ముగ్గురును దానిపై చేవ్రాలు చేయవలెను. ముగ్గురి చేవ్రాళ్లు గల ప్రతి తిరిగి పంపినవానికి అందవలెను. అందనిచో ఎచ్చటనో లోపము జరిగినదని విచారింపవలసినదే. అమెరికాలో 1976 నాటి చట్టము ననుసరించి 1980 నుండి ఈ ఏర్పాటు అమలులో నున్నది.

నియమము మంచిదే. కాని నియమము కాగితముమీద నడచుచుండెను. పత్రములు గుట్టలు గుట్టలుగా పెరుగుచుండినను, దేశమంతటను ఎంత విషము ఏ దారిని పోవుచున్నదో ఒక్కచోట చూచుకొను వీలు కేంద్ర పర్యావరణ రక్షణ సంస్థకు లేకుండెను. ఆ కొరత తీర్చుటకై అమెరికా శాసనసభ 2012 అక్టోబరులో ఒక చట్టము గావించి, మూడేండ్లలో ఈ వ్యవహారమును కంప్యూటరు ద్వారా నడపవలెనని ఆజ్ఞాపించెను. 2015లో గడువు దాటిపోయెను. 2018 జూన్ 30వ తేదీని గాని ఆ యేర్పాటు ప్రారంభము కాలేదు.

ఆలస్యమునకు ధనాభావము మొదలగు కారణములు చెప్పవచ్చును. ప్రభుత్వములు సాఫ్టువేరు చేయించుకొను తీరే అందు ముఖ్యమని మా యభిప్రాయము. కావలసిన వన్నియు ముందుగా ఒక బృహద్గ్రంథముగా వ్రాయుదురు, టెండర్లు పిలుతురు, గుత్తదారున కప్పగింతురు, ఏండ్లు గడచిన పిమ్మట వస్తువు చూతురు. అప్పటికి అవసరములే మారియుండును. 2013 అక్టోబరు 1వ తేదీని అమెరికా ప్రభుత్వము ఆరోగ్యభీమాకై ఆర్భాటముగా తెరచిన జాలస్థానములో మొదటిదినమున నమోదు కాగలిగినవారు ఆరుగురు మాత్రమే! వందలకోట్లు వెచ్చించి చేయించిన పనికి అది ఫలము.

దీనికి మారుగా ఎజైల్ అను పద్ధతి కలదు. 2001లో యూటా రాష్ట్రమున సమావేశమైన పదునేడుగురు సాఫ్టువేరు నిపుణులు దీని సూత్రములను ప్రకటించిరి. పనిని చిన్న చిన్న తునకలుగా చేయుట, ఒకటి రెండు వారములకే ఒక తునకను ముగించి వాడుకొనువాని చేతి కిచ్చుట, అతడు చూపిన తప్పును దిద్దుకొని తరువాతి తునక కెత్తుకొనుట – ఇదియే దాని సారము. ఇది సర్వత్ర చెల్లునని కొందరందురు, మే మంగీకరింపజాలము. ఆనకట్ట కట్టువానికి మొదటనే సమగ్రమైన పటము కావలెను. నదికి అడ్డముగా సగము గోడ కట్టి, వరద వచ్చిన పిదప దిద్దుకొందమనుట పిచ్చితనము. కాని సాఫ్టువేరు రాతికట్టడము కాదు, చెరిపి వ్రాయదగినది.

ప్రభుత్వమునకే నేరుగా పనిచేయు నిపుణుల శాఖ యొకటి 2014లో వాషింగ్టనున వెలసెను. అది యున్న వీధుల పేరు ననుసరించి దానిని ఎయిటీన్-ఎఫ్ అని పిలిచిరి. పర్యావరణ రక్షణ సంస్థ రవాణాపత్రముల పనిలో వీరి తోడ్పాటు గైకొని ఎజైల్ మార్గమునకు మరలెను. ముందు నమూనా చేసి, దానిని వ్యర్థముల వ్యాపారమునందున్న వారికే చూపి, వారి మాట విని ముందుకు సాగుట ఆరంభమయ్యెను. అధికారి తనకు తోచినది వ్రాసి పంపుటకును, పనివాని యెదుట కూర్చుండి అతని యిబ్బంది చూచుటకును ఎంత భేదము కలదో పాఠకు లెరుగుదురు.

ఫలితము మిశ్రమముగా నున్నది. తపాలాలో వచ్చు కాగితమునకు తొలుత 15 డాలర్లును, పూర్తిగా కంప్యూటరుమీద నడచు పత్రమునకు 5 డాలర్లును రుసుము విధించిరి. 2021 జూన్ 30 తరువాత తపాలా కాగితములను పుచ్చుకొనుటయే మానిరి. పత్రములలోని వివరము లిప్పుడు ఒక్కచోట చేరుచున్నవి. ఇది గొప్ప లాభమే. కాని చేవ్రాళ్లతో సహా మొదటినుండి తుదివరకు కంప్యూటరుమీదనే నడచునవి 2024 నాటికి నూటికి ఒకటికంటెను తక్కువ! తక్కినవి కాగితముమీద పుట్టి, తుదకు యంత్రములోని కెక్కుచున్నవే.

లోపము సాఫ్టువేరులో లేదు. వ్యర్థమును పంపు చిన్న వర్తకుడు పద్దు తెరచుకొనలేదు. లారీలో అచ్చుప్రతి యుండి తీరవలెనని రవాణాశాఖ నిబంధన. ఎట్లును కాగితము మోయవలసినప్పుడు చోదకుడు ఆ కాగితముమీదనే సంతకము చేయక మరేమి చేయును? వ్యర్థము పంపువారిలో పెద్ద, మధ్యతరగతులవారు విధిగా నమోదు కావలెనను నియమము 2025 జనవరి 22న గాని అమలునకు రాలేదు, అనగా యంత్రము నడచిన ఆరేండ్లకు పైన! సాఫ్టువేరును పక్షమున కొకసారి దిద్దవచ్చును; శాసనమును దిద్దుటకు ఏండ్లు పట్టును. రెండింటిని ఒకే చేతితో పట్టి నడపు అధికారి లేనిచోట ఎజైల్ సగము పనియే చేయగలదు.

ఇంతలో మరొక విపరీతము జరిగినది. 2025 మార్చి 1వ తేదీని, అర్ధరాత్రి దాటిన వేళ వచ్చిన ఉత్తరువుతో ఎయిటీన్-ఎఫ్ శాఖనే రద్దుచేసిరి. ప్రభుత్వమునకు స్వంత పనివారు లేనిచో గుత్తదారు చెప్పిన ధర ధర, చెప్పిన గడువు గడువు. అట్టివారిని పొదుపు పేర పంపివేయుట విత్తనపు గింజలను వండుకొని తినుటవంటిది.

ఈ గొడవ మన కేల యను వారు పటాన్‌చెరువు పరిసరముల రైతు నడుగుడు. కర్మాగారముల విషజలము పొలములను, నక్కవాగును చెరచినదన్న ఫిర్యాదు 1990లో సర్వోన్నత న్యాయస్థానము వరకును పోయెను. 2016లో భారతప్రభుత్వము వెలువరించిన నియమములు విషవ్యర్థముల రవాణాకు ఏడు రంగుల ఏడు ప్రతులను విధించినవి: తెలుపు, పసుపు, గులాబి, నారింజ, ఆకుపచ్చ, నీలము, బూడిద. ఈ యేడింటిని యంత్రమున కెక్కింపబూనిన మండలి యేదైనను టెండరు పిలుచుటకు ముందు ఒక లారీ నెక్కి, కర్మాగారపు గుమ్మమునుండి వ్యర్థములు దింపు చోటువరకు పోయి, చోదకుని చేతిలో ఏ కాగిత మెచ్చట నిలిచిపోవుచున్నదో చూచి రావలెను. ఆ ప్రయాణమునకు ఒకదినము చాలును.