బడికి తాళమేస్తే జబ్బు ఆగిందా?



2020 మార్చి 19న రాష్ట్రంలో బడులన్నిటికీ తాళాలు పడ్డాయి. కరోనా వచ్చింది, పిల్లల ప్రాణాలు కాపాడాలి అన్నారు. సరే అన్నాం. జబ్బు కొత్తది, మందు లేదు. ఆ రోజు మూయడం తప్పని మేమూ అనం. కానీ మార్చి నెలాఖరు దాకా అని వేసిన తాళం ఎన్నాళ్లుంది? తొమ్మిది, పది తరగతులకు 2020 నవంబరు 2 దాకా ఉంది. ఒకటి నుంచి అయిదు చదివే చిన్న పిల్లలకు 2021 ఫిబ్రవరి 1 దాకా ఉంది. మళ్లీ రెండున్నర నెలలకే, ఏప్రిల్ 20న, ఒకటి నుంచి తొమ్మిది దాకా మూసేశారు. తెరిచింది ఆగస్టు 16న.

ఆ తాళం అందరికీ ఒకటేనా? నరసన్నపేట బజారులో మేడ మీద ఉండే పిల్లాడికీ, ఊరి చివర పేటలో ఒంటి గదిలో ఆరుగురి మధ్య పడుకునే పిల్లకీ ఒకటేనా? వాడికి బడి మూస్తే ఇంట్లో ఇంకో బడి తెరుచుకుంది. ఫోనుంది, నెట్టుంది, చెప్పడానికి చదువుకున్న అమ్మానాన్న ఉన్నారు. మన పిల్లకి బడి మూస్తే అన్నీ మూసినట్టే.

మేం చెప్పేది ఒక్కటే. బడిని మూయడం వేరు, బడిని కాపాడటం వేరు. మూయడానికి తాళం చాలు. కాపాడాలంటే నీళ్లు కావాలి, మరుగుదొడ్డి కావాలి, గాలి ఆడే గది కావాలి, ఇవన్నీ రోజూ చూసుకునే మనిషికి కడుపు నిండే జీతం కావాలి. పాలకులకు మొదటిది తేలిక. రెండోదానికి డబ్బు ఖర్చవుతుంది. అందుకే తాళం మీదే అంత ప్రేమ!

టీవీలో పాఠాలు చెప్పాం కదా అంటారు. నిజమే, 2020లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యా వారధి, విద్యామృతం అని పాఠాలు వేశారు. మరి టీవీ లేని ఇంటి సంగతేమిటి? టీవీ ఉన్నా, అమ్మ కూలికి పోయి, చంటిదాన్ని పెద్దదానికి అప్పజెప్పి పోతే, ఆ పెద్దది టీవీ ముందు కూర్చుంటుందా, చంటిదాన్ని ఎత్తుకుంటుందా? 2021 ఆగస్టులో జ్యాఁ ద్రెజ్ వంటి వాళ్లు కలిసి 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేదల ఇళ్లకు వెళ్లి సర్వే చేశారు. మన పక్కనున్న ఒడిశా కూడా అందులో ఉంది. పల్లెల్లో దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆన్‌లైన్లో సక్రమంగా చదువుతున్నవాళ్లు నూటికి నలుగురు. మిగతా కులాల పిల్లల్లో నూటికి పదిహేను మంది. వాళ్లకూ ఎక్కువేం దక్కలేదు. మనకు మాత్రం మెతుకు దక్కలేదు.

ఈ రెండేళ్లలో మన పిల్లలు ఏమయ్యారో లెక్కలు అక్కర్లేదు, పేటలో తిరిగితే తెలుస్తుంది. కొందరు మగపిల్లలు అయ్యతో పాటు తాపీ పనికి విశాఖ, హైదరాబాదు పోయారు. మళ్లీ పుస్తకం పట్టలేదు. కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేశారు. రెండో తరగతిలో ఆగిపోయిన గుంటడు నాలుగో తరగతిలో కూర్చున్నాడు, అక్షరం కూడబలుక్కోలేక మేస్టారి మొహం చూస్తున్నాడు. ఈ జబ్బుకి టీకా ఎవరు వేస్తారు?

ఇంకో మాట. కరోనా రోజుల్లో మన చెవులు చిల్లులు పడేలా వినిపించిన మాట ‘సామాజిక దూరం’. ఈ మాట విన్నప్పుడు మా పేటల్లో పెద్దవాళ్లు నవ్వారు. ‘మాకు కొత్తా ఇది? తాతల నాటి నుంచి ఆచరిస్తున్నదే కదా!’ అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చి 20న ఆ మాట మార్చుకుని, మనుషుల మధ్య ఉండాల్సింది భౌతిక దూరం, సామాజిక దూరం కాదు అంది. అదే మార్చి 20న, 1927లో, మహద్ చెరువులో దిగి బాబాసాహెబ్ అంబేడ్కర్ దోసెడు నీళ్లు తాగారు. ఆ మహానుభావుడికి చిన్నప్పుడు బడిలో దాహమేస్తే ప్యూను వచ్చి పైనుంచి పోయాలి. ప్యూను రాకపోతే నీళ్లు లేవు. ఈ దేశంలో బడికీ నీళ్లకీ కులానికీ ఉన్న లంకె అంత పాతది. అందుకే బడిలో దూరం పాటించండి అని ఎవరన్నా, ఆ దూరంలో మన పిల్ల ఎక్కడ కూర్చుంది అని ముందు చూసుకోవాలి. బెంచీల మధ్య దూరం పెట్టండి, తప్పులేదు. ఆ దూరం అందరికీ సమానంగా పెట్టండి.

జబ్బు పోయినా కులం పోలేదని రుజువు కావాలా? 2021 డిసెంబరులో, బడులు తెరిచి ఎన్నాళ్లో కాలేదు, ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత ఆడమనిషి వండిన అన్నం తినమని అగ్రకులాల పిల్లలు మానేశారు. అధికారులు ఏం చేశారు? ఆమెనే పనిలోంచి తీసేశారు. దేశమంతా గోల చేశాక మళ్లీ పెట్టుకున్నారు. వంట మనుషుల నియామకంలో ఎస్సీ, ఎస్టీలకు ముందు చోటివ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. కాగితం మీది మాట పొయ్యి దగ్గరికి రావడానికి ఇంకా ఎన్నేళ్లు?

అయితే టీచర్ల ప్రాణాలు ప్రాణాలు కావా? అవును, అవీ ప్రాణాలే. టీచర్లను మేం శత్రువులుగా చూడటం లేదు. పిల్లల కోసం బడి తెరవడానికి భయపడిన ఈ సర్కారు యంత్రాంగం టీచర్లను ఎక్కడెక్కడ నిలబెట్టిందో చూడండి. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో బ్రాందీ షాపుల ముందు క్యూలు సర్దడానికి పంపారు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలకు, ఏప్రిల్లో పరిషత్ ఎన్నికలకు పోలింగు డ్యూటీలు వేశారు. బ్రాందీ షాపు ముందు రాని కరోనా బడిలోనే వస్తుందా? టీచరు క్షేమం, పిల్ల క్షేమం రెండూ ఒకటే. ఒకే గదిలో ఒకే గాలి పీలుస్తారు. వాళ్లిద్దరినీ ఒకరి మీదకొకరిని ఉసిగొల్పి పబ్బం గడుపుకునేవాళ్లు వేరే ఉన్నారు.

ఇంతకీ బడిని ఎలా కాపాడాలి? ఇదేం బ్రహ్మవిద్య కాదు. కరోనా ముఖ్యంగా గాలిలో పాకే జబ్బు. మూసిన గదిలో ఒకరు వదిలిన ఊపిరి పక్కవాళ్లు పీలుస్తారు. మొదట్లో బల్లలు తుడిపించారు, బ్లీచింగు జల్లారు, కిటికీల ఊసు ఎత్తలేదు. కిటికీ తెరవడానికి కోట్లక్కర్లేదు. వరండా ఉంది, చెట్టు నీడ ఉంది. గదికి ఇంతమందే అని పెట్టి, రోజు విడిచి రోజు పిలిచి, మాస్కులిచ్చి, జ్వరమొచ్చిన పిల్లని ఇంటి దగ్గర ఉంచి, నరసన్నపేట ఆసుపత్రిలో చూపించే ఏర్పాటు చేస్తే చాలావరకు గండం గడుస్తుంది. తొమ్మిది, పది తరగతులకు 2020 నవంబరులో చేసిన పనే చిన్న పిల్లలకు కూడా చేయొచ్చు కదా! ప్రైవేటు చదువుకి, ఫోనుకి దిక్కులేని ఊళ్లలో ముందు తెరవాలి, ఆఖర్న మూయాలి. జరిగింది దానికి తలకిందులు.

ఇవన్నీ చేసే చేతులు ఎవరివి? దొడ్లు కడిగే ఆయాలు, పొయ్యి దగ్గర ఉడికే వంట మనుషులు. వీళ్లలో మన మాల, మాదిగ, రెల్లి ఆడవాళ్లు ఎంతమందో మీకు మేం చెప్పక్కర్లేదు. వంట మనిషికి 2019లో వెయ్యి నుంచి పెంచి 3,000 చేశారు. ఆయాకు 6,000 అని పెట్టారు. అదీ నెలనెలా చేతికి రాక వాళ్లు రోడ్డెక్కిన రోజులున్నాయి. కరోనా రోజుల్లో మాకు తెలిసిన ఒక బడి ఆయాని అడిగితే ఆమె ఇలా అంది: ‘ఏటి సెప్పమంటారు బావూ! గుంటలు రాకముందే ఒచ్చి కడగాల, ఆళ్లెల్లిపోయాక మల్లీ కడగాల. సేతులకి తొడుగులడిగితే వచ్చే నెల అన్నారు. ఆ నెల ఇంకా రాలేదు.’ పిల్లల్ని, మేస్టార్లని జబ్బు నుంచి కాపాడే మనిషికే కాపు లేకపోతే అది రక్షణ ఎలా అవుతుంది?

ఇక్కడ మనం ఒక తల్లిని తలుచుకోవాలి. 1897లో పూనాలో ప్లేగు వచ్చింది. 1848 నుంచి ఆడపిల్లలకు, అంటరానివాళ్లకు చదువు చెప్పిన సావిత్రిబాయి ఫూలే, డాక్టరైన తన పెంపుడు కొడుకు యశ్వంత్‌తో కలిసి రోగుల కోసం వైద్యశాల పెట్టింది. ప్లేగు సోకిన మహర్ పిల్లవాణ్ణి వీపున వేసుకుని అక్కడికి మోసుకొచ్చింది. అదే జబ్బు సోకి మార్చి 10న కన్నుమూసింది. ఆమెలా చచ్చిపొమ్మని మేం ఏ టీచరునీ అడగం. కానీ అంటువ్యాధి వచ్చినప్పుడు ఎవరిని ముందు ఎత్తుకోవాలో ఆ తల్లి చూపించింది. అందరికంటే దూరంగా ఉన్నవాణ్ణి.

ఇక డబ్బు సంగతి. డబ్బు లేదంటే నమ్మకండి. మీ డబ్బే ఉంది. 2021 జనవరిలో అమ్మ ఒడి 15,000లో వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకని పట్టుకున్నారు. 2022 జూన్ 27న మన శ్రీకాకుళంలోనే సభ పెట్టి మూడో విడత వేసినప్పుడు 2,000 పట్టుకున్నారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది. 2025లోనూ 13,000 చేతికిచ్చి 2,000 బడి నిర్వహణకు ఉంచారు. అంటే బడిలో కుళాయి, దొడ్డి, ఫినాయిలు ఎవరో దాత దయ కాదు. కూలి చేసుకునే అమ్మల వాటా. వాటా ఇచ్చినవాళ్లు లెక్క అడగొద్దా? అడగమని చట్టమే చెప్తోంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బలహీన వర్గాలకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటుండాలి. మన మనిషి పేరు కమిటీలో ఉంటుంది, సంతకం కాగితం ఇంటికొస్తుంది, మీటింగు మాత్రం ఎక్కడో జరిగిపోతుంది. ఈ ఆట ఆపాలి.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ముగిసింది కదా, ఇప్పుడెందుకీ గోల అంటారా? 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకాయి. పదుల మంది అమ్మాయిలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. ఎక్కడో కాదు, మన ఉత్తరాంధ్రలోనే. కరోనా నేర్పిన పాఠం నిజంగా ఒంటబడితే, రాష్ట్రంలో ప్రతి బడిలో ముందు తాగే నీళ్లు పరీక్ష చేయించి ఉండేవాళ్లు.

అందుకని ప్రతి పేటలో సంఘం వాళ్లు ఈ నెలలోనే ఈ పనులు చేయాలి. అయిదుగురు కలిసి బడికి వెళ్లండి, అందులో ముగ్గురు ఆడవాళ్లుండాలి. కుళాయి తిప్పి చూడండి. ఆడపిల్లల దొడ్డిలో నీళ్లున్నాయా, తలుపుకి గడియ ఉందా చూడండి. కిటికీలు తెరుచుకుంటాయా చూడండి. దొడ్డి కడిగేది ఆయానా, మన పిల్లలా అని పిల్లల్నే అడగండి. పిల్లల చేత కడిగిస్తుంటే అక్కడే నిలదీయండి. ఆయాకి, వంటమ్మకి ఎన్ని నెలల జీతం రావాలో రాసుకోండి. నిర్వహణ డబ్బు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని కమిటీ మీటింగులో అడగండి. జవాబు రాకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ చిత్తుకాగితమే.

రేపు ఇంకో జబ్బు వస్తుంది. అప్పుడు మళ్లీ తాళం పట్టుకుని వస్తారు. ‘ముందు నీళ్లేవి, జీతమేది, గాలాడే గదేది చూపించు, తర్వాత తాళం మాట మాట్లాడు’ అని అడగడానికి గుమ్మం దగ్గర మనం ఉండాలి. బడి మన పిల్లలకున్న ఒక్కగానొక్క ఆస్తి. దాని తాళంచెవి ఇంకొకరి మొలకు వేలాడనివ్వొద్దు.

జై భీం!