తూకపు రాయిని తింటే ఆకలి తీరదు

‘డీఎన్ఏ మరమ్మతు’ అన్న మాట ఇప్పుడు క్రీముల మీద, మాత్రల డబ్బాల మీద కనిపిస్తున్నది. పాఠకులారా, ఆ మాట వెనుకనున్న శాస్త్రం నిజమైనదే. 2015లో లిండాల్, మోడ్రిచ్, సాన్జార్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కినది ఆ కృషికే. అయితే వారు వివరించినది కణం తనను తాను చక్కదిద్దుకునే తీరును. ఏ డబ్బాకూ వారు యోగ్యతాపత్రం ఇవ్వలేదు.

ప్రయోగశాలల్లో వాడే మరమ్మతు ప్రోటీన్లు కూడా మందులు కావు. బీఆర్‌సీఏ1నే తీసుకోండి. తెగిన డీఎన్ఏను అతికించే పనిలో ముఖ్యమైన ఈ ప్రోటీనులో 1863 అమైనో ఆమ్లాలుంటాయి. పరిశోధకులు కొనేది తరచు అందులోని చిన్న తునకను మాత్రమే. దాని జన్యుభాగాన్ని ఈ.కోలై బాక్టీరియాలో చొప్పించి, తయారైన ప్రోటీనును శుద్ధి చేస్తారు. పరీక్షలో వాడే యాంటీబాడీ సరైన ప్రోటీనునే గుర్తిస్తున్నదా అని ఆ తునకతో సరిచూస్తారు. అది తూకపు రాయి వంటిది. దానిని తింటే ఆకలి తీరుతుందా? సీసాపై ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసేది అందుకే.

ప్రోటీనును మింగితే పప్పులోని ప్రోటీను లాగే పేగుల్లో జీర్ణమైపోతుంది. రాసుకుంటే, అంత పెద్ద అణువు చర్మాన్ని దాటి కణకేంద్రకాన్ని చేరడం సులభం కాదు. ఎండకు చర్మక్యాన్సర్లు వచ్చే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధిలో, వైరస్ నుంచి వచ్చిన మరమ్మతు ఎంజైమును కొవ్వు బుడగల్లో పెట్టి పూసి చూశారు. కొంత మేలు కనిపించింది. అది రోగులపై పరీక్షించి తేల్చిన విషయం, ప్రకటన కాదు.

పైగా మరమ్మతు ఎల్లప్పుడూ మేలు చేయదు. 2014లో అమెరికాలో అనుమతి పొందిన ఒలాపరిబ్, బీఆర్‌సీఏ లోపమున్న అండాశయ క్యాన్సర్ కణాలకు మిగిలిన మరమ్మతు దారిని మూసివేసి వాటిని చంపుతుంది. రేడియేషన్ కూడా డీఎన్ఏను దెబ్బతీసే పనిచేస్తుంది. చికిత్స పొందుతూ ‘మరమ్మతు’ మాత్రలు మింగేవారు ముందుగా తమ వైద్యునికి చెప్పాలి.

కాబట్టి అమ్మేవారిని నిలదీయండి: మనుషులపై పరీక్షించారా? ఎంతమందిపై? ఫలితమేమిటి? జవాబు రాకపోతే డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి. ఇంట్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు పదేపదే వస్తుంటే జన్యుపరీక్ష గురించి వైద్యుణ్ణి అడగండి. పొగాకు మానండి. మీ కణాలు ప్రతిక్షణం ఉచితంగానే మరమ్మతు చేసుకుంటున్నాయి. వాటికి పని పెంచకపోవడమే మీరు చేయగల మేలు.