నూరు మార్కులు వచ్చాక

పక్షవాతంతో కాలూచెయ్యీ పడిపోయిన మనిషి ఏ మేరకు కోలుకున్నాడో చూడటానికి ఆసుపత్రుల్లో వాడే కొలతల్లో బార్తెల్ సూచిక ఒకటి. 1965లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఫ్లోరెన్స్ మహోనీ, డొరొథియా బార్తెల్ దాన్ని ప్రకటించారు. పది అంశాలు, మొత్తం 100 మార్కులు. తన చేత్తో తాను తింటే 10, స్నానం చేస్తే 5, మంచం మీంచి కుర్చీలోకి మారితే 15, చదునైన నేల మీద 50 గజాలు నడిస్తే మరో 15.

నెల్లూరు జిల్లా తీరంలోని మైపాడులో పడవ దగ్గరికి పోవాలంటే కాళ్ల కింద ఉండేది ఇసుక. పక్షవాతం తగిలిన పాదం సరిగ్గా పైకి లేవదు, వేళ్లు ముందుకు వాలి ఇసుకలో గుచ్చుకుంటాయి. ఆసుపత్రి వరండాలో 15కి 15 తెచ్చుకున్న మత్స్యకారుడు ఆ కాస్త దూరం దాటలేకపోవచ్చు. దాటినా, వల బాగుచేయడానికి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి తెగిన కన్నును చాపి పట్టుకుంటే, రెండోది సూదితో దారం తిప్పి ముడి బిగించాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తోటివాళ్లు వలలు ముందేసుకుని కూర్చునే ఆ రోజుల్లో, ముడుచుకుపోయిన వేళ్లతో పక్కన ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఏ మార్కూ చెప్పదు.

ఆ సూచిక రాసినవాళ్లకు ఇది తెలుసు. నూటికి నూరు వచ్చినవారు వండుకోలేకపోవచ్చు, నలుగురిలోకి వెళ్లలేకపోవచ్చు అని వాళ్లే చెప్పారు. ఆ తర్వాత 1999లో వచ్చిన ఒక ప్రశ్నావళి 49 ప్రశ్నలతో మాట, మనసు, పని, ఇంట్లో స్థానం గురించి కూడా అడిగింది. అయితే అడిగేది ఎవరిని? డాక్టరు ప్రశ్న వేయగానే వెనక నిలబడ్డ భార్యో కొడుకో జవాబు చెబుతారు. వాళ్ల ప్రేమను శంకించనక్కర్లేదు. కానీ రోగి తన బతుకు గురించి చెప్పేదానికన్నా ఇంటివాళ్లు చెప్పేది తరచూ నిరాశగా ఉంటుందని పరిశోధనలు చూపాయి. మాట పడిపోయిన వారి సంగతి మరీ అన్యాయం. తలూపో, బొమ్మ చూపించో చెప్పగలిగినా, అంతసేపు ఆగి వినేవారుండరు.

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. చాలా ఇళ్లకు అది ఊపిరి, అందులో సందేహం లేదు. పింఛనుకు ఏం పోయిందో లెక్క కావాలి. వైద్యానికి ఏం కావాలో కూడా తెలియాలి. బీపీ చూసి మాత్రలిచ్చే ఏఎన్‌ఎం రాసుకునే పుస్తకంలో ఒక గడి ఎక్కువ పెడితే ఖర్చేమీ లేదు: మళ్లీ ఏ పని చేసుకోవాలని ఉంది? గంప ఎత్తుకుని చేపలు అమ్ముకు రావాలని ఒక రోగి చెబితే, ఫిజియోథెరపీ ఖాళీ గంపతోనే మొదలుపెట్టవచ్చు.