చలానా కట్టేశాం... మరి ఫారంలో ఏం రాయాలి?

రాత పరీక్ష గట్టెక్కారు. సర్టిఫికెట్ల పరిశీలన అయిపోయింది. ఎంపిక జాబితాలో మీ నంబరు కనిపించింది, ఇంట్లో స్వీట్లు కూడా పంచేశారు. ఆ తర్వాత చేతికొస్తుంది అటెస్టేషన్ ఫారం. పేరు, తండ్రి పేరు, గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారు... ఇలా చకచకా నింపుకుంటూ వెళ్లిన పెన్ను ఒక కాలమ్ దగ్గర టక్కున ఆగుతుంది.

మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీపై ప్రాసిక్యూషన్ నడిచిందా? నిర్బంధంలో ఉంచారా? కోర్టు మీకు జరిమానా వేసిందా? ఏదైనా నేరానికి శిక్ష పడిందా? ప్రస్తుతం ఏదైనా కోర్టులో మీపై కేసు పెండింగులో ఉందా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఫారంలో ఇవన్నీ వేర్వేరు ప్రశ్నలు. దేనికదే అవును, కాదు అని రాయాలి. తప్పుడు సమాచారం ఇచ్చినా, నిజం దాచినా అనర్హులవుతారన్న హెచ్చరిక ఫారం మొదట్లోనే ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు.

డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలకు దొంగతనాలు, దోపిడీల కేసులు ఎక్కడుంటాయి? ఉంటే రెండు రకాలే. ఒకటి బండి తెచ్చిన కేసు. రెండోది ఇంట్లోవాళ్ల కాపురం తెచ్చిన కేసు. ఈ రెండింటిలోనూ ఏది ‘కేసు’, ఏది కాదు అన్న తికమకే అసలు సమస్య.

చలానా వేరు, కోర్టు జరిమానా వేరు

హెల్మెట్ పెట్టుకోలేదని కెమెరా ఫొటో తీసింది. ఫోనుకు మెసేజ్ వచ్చింది. యాప్‌లో డబ్బు కట్టేశారు. ఇది కేసా? చట్టం దీన్ని కాంపౌండింగ్ అంటుంది. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ ప్రకారం కొన్ని ఉల్లంఘనలను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన సొమ్ము తీసుకుని కోర్టుకు వెళ్లకుండానే ముగించేయొచ్చు. అలా ముగిశాక దానిపై ఇక ఏ చర్యా ఉండదు. మీరు కోర్టు మెట్లెక్కలేదు, మీకు శిక్ష పడలేదు. కాబట్టి ‘కోర్టు జరిమానా వేసిందా’ అన్న ప్రశ్నకు ఆ చలానా జవాబు కాదు. ఎంత కట్టాలన్నది రాష్ట్రాలే నిర్ణయిస్తాయి కాబట్టి కేంద్ర చట్టంలో ఒక అంకె, మీ చలానాలో ఇంకో అంకె కనిపిస్తుంది. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సుపై వేటు.

కట్టకుండా వదిలేస్తే? ‘డిస్కౌంట్ ఇచ్చినప్పుడు చూద్దాంలే’ అనేవాళ్లే ఎక్కువ. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరోసారి పెండింగు చలానాలకు రాయితీ ఇచ్చారు. రెండోసారి ద్విచక్ర వాహనాలకు ఏకంగా 80 శాతం తగ్గించారు. అప్పటి నుంచి అందరికీ అదే ఆశ. కానీ కట్టని చలానా కోర్టుకు వెళ్లడానికి అవకాశం ఉంది. వెళ్లి అక్కడ జరిమానా పడితే అది కోర్టు జరిమానాయే. వంద రూపాయలైనా సరే.

ఇంకో చిక్కు. చదువు అయిపోయింది కదా అని జూనియర్‌కు బండి అమ్మేసి వెళ్లిపోతారు. కాగితాల మీద పేరు మారదు. అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోతే వాడు చేసిన ఉల్లంఘనలన్నీ మీ ఖాతాలోకే. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అది ప్రమాద పరిహారం కేసు. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే లక్షల పరిహారం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఊహించుకోండి.

‘డ్రంకెన్ డ్రైవ్’లో ఫైన్ కట్టి వచ్చేశాం...

అసలు ప్రమాదం ఇక్కడుంది. మద్యం తాగి నడపడం 185వ సెక్షన్ కిందికి వస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే జైలు రెండేళ్ల వరకు, జరిమానా పదిహేను వేలు. కాంపౌండింగ్‌కు వీలున్న సెక్షన్ల జాబితాలో ఇది లేదు. అంటే రోడ్డు మీదో యాప్‌లోనో డబ్బు కట్టి ముగించే దారి లేదు. కోర్టుకు వెళ్లాల్సిందే.

కోర్టులో ఏం జరుగుతుంది? ఉదయం వరసలో నిలబెడతారు. మేజిస్ట్రేట్ అడుగుతారు, మీరు ‘ఒప్పుకుంటున్నా సార్’ అంటారు, జరిమానా కట్టి మధ్యాహ్నానికి బయటపడతారు. మీ దృష్టిలో అది ‘ఫైన్ కట్టి వచ్చేశాం’. చట్టం దృష్టిలో మీరు నేరం ఒప్పుకున్నారు, శిక్ష పడింది. ప్రాసిక్యూషన్ జరిగిందా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా... ఫారంలోని మూడు ప్రశ్నలకూ జవాబు ‘అవును’. నాలుగేళ్ల తర్వాత ఫారం నింపేటప్పుడు ఎంతమందికి ఇది గుర్తుంటుంది? గుర్తున్నా ‘అదో కేసా’ అనుకుంటారు.

రాంగ్ రూటులో వెళ్లడాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. 2019 సవరణ ఎదురు దిశలో నడపడాన్ని, సిగ్నల్ జంప్‌ను ప్రమాదకర డ్రైవింగ్ కిందికి తెచ్చింది. పోలీసులు తలచుకుంటే నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్‌తో ఎఫ్ఐఆర్ కూడా నమోదు చేయొచ్చు. 2024 జులై 1కి ముందు ఇదే ఐపీసీ 279. ఎఫ్ఐఆర్ అయితే అది చలానా కాదు, క్రిమినల్ కేసు. నిర్లక్ష్యంగా నడిపి ఒక ప్రాణం తీస్తే 106 సెక్షన్, ఐదేళ్ల వరకు జైలు.

పద్దెనిమిది నిండకముందు జరిగినదైతే? మైనరుగా ఉన్నప్పటి నేర నిర్ధారణ వల్ల అనర్హత రాకూడదని జువనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. పదహారు దాటి, పెద్దల్లాగే విచారణ ఎదుర్కొన్న ఘోరమైన నేరాలకే మినహాయింపు. మైనరుకు బండి ఇచ్చిన తండ్రి సంగతి మాత్రం వేరు. ఆయనకు మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అన్నావదినల గొడవలో మీ పేరు

ఇక ఇంటి సంగతి. అన్నయ్య కాపురం చెడింది. వదిన పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. ఎఫ్ఐఆర్‌లో అన్నయ్య ఏ-1, అమ్మానాన్నలు ఏ-2, ఏ-3. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మీరు ఏ-4. పాత చట్టంలో 498ఏ, ఇప్పుడు బీఎన్ఎస్ 85. ఇది ఫ్యామిలీ కోర్టు వ్యవహారం కాదు, పక్కా క్రిమినల్ కేసు. ‘మా అన్నయ్య కేసు’ అనుకుని ఫారంలో ‘లేదు’ అని రాస్తే దాచినట్టే లెక్క.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన తీర్పే ఒకటుంది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఒక భర్త, అతని బంధువులపై నడుస్తున్న 498ఏ కేసును కొట్టేసింది. ఎవరు ఏం చేశారో నిర్దిష్టంగా చెప్పకుండా కుటుంబసభ్యులందరి పేర్లూ చేర్చితే అలాంటి కేసును మొదట్లోనే ఆపాలంది. హింసకు గురైన మహిళ మౌనంగా ఉండాలని తమ ఉద్దేశం కాదని కూడా అదే తీర్పులో చెప్పింది. ఈ రెండో మాటను వదిలేసి మొదటిదాన్నే వాట్సాప్‌లో తిప్పుతుంటారు. మీకు పనికొచ్చేది ఏమిటంటే, మీపై నిర్దిష్ట ఆరోపణ ఏదీ లేకపోతే మీ ఒక్కరి వరకు కేసు కొట్టేయమని హైకోర్టును అడగొచ్చు. బీఎన్ఎస్ఎస్ 528 సెక్షన్ కింద వేసే పిటిషన్ అది. నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఛార్జిషీట్ చూసిన వెంటనే ఆ పని చేయాలి. హైకోర్టులో మీ వాయిదా మీ ఫలితాల తేదీని చూసి రాదు కదా.

గృహహింస చట్టం కింద డీవీసీ నోటీసు వస్తే ఇంకా తికమక. మేజిస్ట్రేట్ కోర్టు నుంచి వస్తుంది కాబట్టి క్రిమినల్ కేసు అనుకుని హడలిపోతారు. ఆ చట్టం కింద అడిగే రక్షణ, నివాసం, భరణం వంటివి సివిల్ స్వభావం గలవేనని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే మాత్రం అది నేరం. విడాకులు, భరణం, పిల్లల సంరక్షణ కేసులూ నేరాలు కావు.

అయితే ఫారంలో ప్రశ్నను పదం పదం చదవండి. ‘క్రిమినల్ కేసు ఉందా’ అని అడిగితే డీవీసీ, భరణం కేసులు అందులోకి రావు. ‘ఏదైనా కోర్టులో మీపై ఏదైనా కేసు పెండింగులో ఉందా’ అని అడిగితే? కేంద్ర ఫారంలో అలాగే ఉంది. అప్పుడు మీరు ప్రతివాదిగా ఉన్న డీవీసీ కూడా రాసేయడమే మంచిది. పక్కన ‘సివిల్ స్వభావం’ అని ఒక ముక్క చేర్చండి. అమ్మానాన్నల విడాకుల కేసులో మీరు పార్టీ కాదు. అది రాయనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

రాస్తే పోతుందా, దాస్తే పోతుందా?

దీనికి దిక్సూచి 2016 జులై 21న వచ్చిన అవతార్ సింగ్ కేసు తీర్పు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, అభ్యర్థి పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంటుంది అన్నది ఒక వైపు. రెండో వైపు, కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే దాచినా క్షమించే విచక్షణ యజమానికి ఉంది. నిజం చెప్పి, కేసు చిన్నదైతే, తుది తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వొచ్చు. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, అడగనిది చెప్పలేదని తప్పు పట్టకూడదు. కేసు ఉన్నట్టు అభ్యర్థికే తెలియకపోతే దాచాడనడానికి లేదు. ఒకటికి మించిన కేసులు దాస్తే మాత్రం, అవి ఇంకా తేలకపోయినా సరే, యజమాని ఉద్యోగం రద్దు చేయొచ్చు.

ఆ తర్వాత వచ్చిన తీర్పులు ఒకే దారిలో లేవు. 2022 మే నెలలో ఒక ఆర్పీఎఫ్ కానిస్టేబుల్ అభ్యర్థికి సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో సీఆర్పీఎఫ్ విషయంలో తొలగింపును సమర్థించింది. యూనిఫాం ఉద్యోగాల్లో నిజాయతీ కొలబద్ద ఇంకా గట్టిదన్నది న్యాయమూర్తులు పదేపదే చెప్పే మాట. నా అభిప్రాయం అడిగితే, దాచి కోర్టులో గెలిచినవాళ్లు కూడా ఆ గెలుపు చేతికి రావడానికి ఏళ్లు పోగొట్టుకున్నారు. రాసినవాడి దగ్గర చిన్న కేసు ఒక్కటే ఉంటుంది. దాచినవాడి దగ్గర ఆ కేసుతో పాటు అబద్ధం కూడా ఉంటుంది.

పైగా దాగుతుందా? ఎంపికైనవాళ్ల గురించి స్పెషల్ బ్రాంచి ఆరా తీస్తుంది. ప్రైవేటు కంపెనీల తరఫున వెరిఫికేషన్ చేసే ఏజెన్సీలకు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్ చాలు. పార్టీ పేరు కొట్టి ఎవరైనా వెతకొచ్చు. ముందు మీరే మీ పేరు కొట్టి చూసుకోండి. ఫారం ఇచ్చేశాక కొత్తగా కేసు వచ్చినా వెంటనే తెలియజేయాలని కేంద్ర ఫారంలోనే ఉంది.

పాస్‌పోర్టుకైతే కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండటం అడ్డంకే. పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ అలా చెబుతోంది. కానీ కేసు నడుస్తున్న కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇవ్వొచ్చని 1993లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కోర్టు గడువు చెప్పకపోతే సాధారణంగా ఏడాదికి ఇస్తారు. అమెరికా వీసా ఫారంలో మాత్రం అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు.

ఇంకో ప్రశ్న ఎక్కువగా అమ్మాయిల నుంచి వస్తుంది. తల్లిదండ్రులు విడిపోయారు, పద్దెనిమిది దాటింది, చదువుకు నాన్న డబ్బులివ్వాలా? హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం సొంత ఆదాయం లేని పెళ్లికాని కూతురికి తండ్రి నుంచి మనోవర్తి అడిగే హక్కుంది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఈ దారినే చూపించింది. లాయరు ఫీజు భయం వద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు.

పాత కేసు ఏదైనా ఉంటే, అది ముగిసిన కోర్టులో తీర్పు సర్టిఫైడ్ కాపీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కేసు నంబరు, సంవత్సరం, కోర్టు పేరు, సెక్షన్, ముగిసిన తేదీ ఒక కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టుకోండి. అటెస్టేషన్ ఫారం అడిగేది సరిగ్గా ఈ వివరాలే. నింపడానికి ఇచ్చే గడువు కొన్ని రోజులే ఉంటుంది. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో అంత వేగంగా పని కాదు.